ప్లాస్టిక్ గోడకు ఇటువైపు

మూడో సంవత్సరంలో క్లీన్ రూమ్‌ల మీద సెమినార్ ఇవ్వాల్సి వచ్చింది. ఫిల్టర్లు, పాజిటివ్ ప్రెషర్, గాలి ప్రవాహం అంటూ స్లైడ్లు చేసుకుంటూ పోతుంటే ఒక ఫోటో దగ్గర ఆగిపోయాను. పారదర్శకమైన ప్లాస్టిక్ గదిలో ఒక పిల్లాడు. పేరు డేవిడ్ వెట్టర్. ప్రపంచమంతా బబుల్ బాయ్ అని పిలిచింది అతన్నే. ఆ రాత్రి సెమినార్ పక్కనపెట్టి అతని గురించే చదివాను. అతను పోయి నలభై ఏళ్లు దాటింది. అయినా ఆ కథ మన క్లబ్ మిత్రులకు చెప్పాలనిపించింది.

డేవిడ్ 1971 సెప్టెంబర్ 21న అమెరికాలోని హ్యూస్టన్‌లో పుట్టాడు. అక్క పేరు కాథరిన్. అక్కకూ తనకూ మధ్య ఒక అన్న పుట్టి, ఏడు నెలలకే పోయాడు. ఆ బాబుకి రోగనిరోధక శక్తి అనేదే లేదు. మళ్లీ మగబిడ్డ పుడితే ఇదే జబ్బు రావడానికి సగానికి సగం అవకాశం ఉందని డాక్టర్లు ముందే చెప్పారు. అందుకే డేవిడ్ పుట్టిన కొన్ని సెకన్లలోనే, గాలిలోని ఒక్క సూక్ష్మజీవి కూడా సోకకముందే, శుద్ధిచేసిన ప్లాస్టిక్ గదిలో పెట్టేశారు. అక్క మూలుగ సరిపోతే ఎక్కించి, త్వరలోనే బయటికి తీసుకురావచ్చని ఆశ. పరీక్ష చేస్తే సరిపోలేదు. తాత్కాలికం అనుకున్న గదే ఇల్లయిపోయింది.

ఇంతకీ లోపం ఎక్కడుంది? మన ఒంట్లో యాంటీబాడీలు తయారుచేసేవి బి కణాలు. చాలా సందర్భాల్లో వాటికి టి కణాల సాయం కావాలి. ఈ కణాలు ఇంటర్‌ల్యూకిన్లనే రసాయన సంకేతాలతో మాట్లాడుకుంటాయి. ఆ సంకేతాన్ని అందుకునే యాంటెన్నాలో గామా చైన్ అనే ముక్క ఒకటుంది. ఆరు రకాల ఇంటర్‌ల్యూకిన్లకు ఆ ముక్క ఉమ్మడి. దాన్ని తయారుచేసే జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. అందులో తేడా వస్తే టి కణాలు తయారుకావు. బి కణాలు లెక్కకు ఉంటాయి కానీ, పనికొచ్చే యాంటీబాడీలు చేయలేవు. ఆడవాళ్లకు రెండో ఎక్స్ ఆదుకుంటుంది కాబట్టి తల్లి ఆరోగ్యంగానే ఉంటుంది. కొడుక్కి ఉన్నది ఒక్కటే ఎక్స్. కడుపులో ఉండగా తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు కొన్ని నెలలు కాపాడతాయి. అవి తగ్గిపోయాక మామూలు జలుబు కూడా ప్రాణం మీదికి తెస్తుంది. డేవిడ్ బతికున్నంతకాలం ఆ జన్యువు ఏదో ఎవరికీ తెలియదు.

ఇక లోపలి బతుకు. ఆటబొమ్మైనా, బట్టైనా లోపలికి వెళ్లాలంటే ఇథిలీన్ ఆక్సైడ్ వాయువులో గంటల తరబడి ఉంచి, తర్వాత రోజుల తరబడి ఆ వాయువు పోయేదాకా ఆరనివ్వాలి. గోడకు బిగించిన గ్లౌజుల్లోంచే అమ్మానాన్నలు వాణ్ని ఎత్తుకోవాలి. గది ఉబ్బి నిలబడటానికి బ్లోయర్లు ఆగకుండా తిరిగేవి. ఆ హోరులో మాటలు కూడా సరిగా వినపడేవి కావు. నాలుగేళ్లప్పుడు లోపల పొరపాటున ఉండిపోయిన సూదితో గోడకు చిల్లులు పెట్టాడు. అప్పుడే వాడికి సూక్ష్మజీవుల గురించి, తాను లోపల ఎందుకున్నాడో వివరంగా చెప్పాల్సి వచ్చింది. 1977లో నాసా వాళ్లు పొడవాటి గొట్టంతో గదికి కలిపిన సూట్ తయారుచేసి ఇచ్చారు. అది వేసుకున్న రోజే అమ్మ వాణ్ని తొలిసారి దగ్గరికి తీసుకుంది. మధ్యలో సూట్ గుడ్డ ఉండనే ఉంది. కొన్నిసార్లు వాడాక ఆ సూట్ పొట్టిదైపోయింది.

పిల్లాడు పెరుగుతున్నాడు, గది పెరగదు కదా! పూర్తిగా సరిపోలని మూలుగను కూడా శుద్ధిచేసి ఎక్కించే పద్ధతి అప్పటికి వచ్చింది. 1983 అక్టోబర్‌లో అక్క కాథరిన్ మూలుగ ఎక్కించారు. కొన్ని వారాలు అంతా బాగానే ఉంది. తర్వాత జ్వరం, వాంతులు మొదలయ్యాయి. 1984 ఫిబ్రవరి 7న వైద్యం కోసం బయటికి తీశారు. గ్లౌజులు లేకుండా అమ్మ చేయి వాడి ఒంటిని తాకింది అప్పుడే. ఫిబ్రవరి 22న డేవిడ్ కన్నుమూశాడు. వయసు పన్నెండేళ్లు.

అక్క మూలుగలో ఎప్‌స్టైన్-బార్ అనే వైరస్ దాక్కుని ఉంది. చాలామందిలో ఏ హానీ చేయకుండా ఉండే వైరసే అది. దానికి స్థావరం బి కణాలే. అదుపుచేసే టి కణాలు లేని ఒంట్లో అది ఆ కణాల్ని క్యాన్సర్‌గా మార్చింది. పన్నెండేళ్లు ఏ గోడను దాటి రాకుండా ఆపారో, ఆ గోడలోంచి మందుగా వెళ్లినదానితోనే శత్రువూ వెళ్లింది.

వైరస్ క్యాన్సర్ తెస్తుందనడానికి డేవిడ్ కేసు గట్టి ఆధారమైంది. 1993లో ఆ జన్యువు దొరికింది. ఇప్పుడు అమెరికా అంతటా పుట్టిన బిడ్డ మడమ నుంచి తీసిన రక్తపు చుక్కతోనే ఈ జబ్బును కనిపెడుతున్నారు. తొలి మూడున్నర నెలల్లోపు మూలుగ మార్పిడి చేస్తే నూటికి తొంభై మందికి పైగా బతుకుతున్నారు. ఏ బబుల్ అక్కర్లేదు.

ఆ డాక్టర్లను తప్పుపట్టడం నాకు చేతకాదు. ఆ గది లేకపోతే డేవిడ్ కూడా అన్నలాగే నెలల్లోనే పోయేవాడు. కానీ ఇంజినీరింగ్ చదివేవాడిగా ఒక్కటి మాత్రం మనసులో ఉండిపోయింది. లోపలికి వెళ్లే దారిని అంత జాగ్రత్తగా కట్టారు. బయటికి వచ్చే దారి మాత్రం ఒక్క ఆశ మీద వదిలేశారు. నా సెమినార్ చివరి స్లైడ్‌లో థాంక్యూ బదులు ఆ పిల్లాడి ఫోటో పెట్టాను. ప్రశ్నలున్నాయా అని సార్ అడిగితే క్లాసులో ఎవరూ మాట్లాడలేదు. నా దగ్గర మాత్రం ఒక ప్రశ్న ఉంది. మనం కట్టే ప్రతి తాత్కాలిక ఏర్పాటుకీ తలుపు ఎటుందో ముందే చూసుకుంటున్నామా?