గుండెకు దారి చూపిన వైద్యుడు వెర్నర్ ఫోర్స్‌మన్

క్యాన్సర్ వార్డుల్లో, డయాలిసిస్ కేంద్రాల్లో కొందరు రోగుల ఛాతీ నుంచి సన్నని గొట్టం ఒకటి వెలుపలికి వచ్చి కనిపిస్తుంది. దాని రెండో కొన గుండె సమీపంలో ఉంటుంది. నెలల తరబడి సాగే చికిత్సకు ఆధారమైన ఈ ఏర్పాటుకు తొలి బాట వేసినవారు జర్మన్ వైద్యుడు వెర్నర్ ఫోర్స్‌మన్.

ఫోర్స్‌మన్ 1904 ఆగస్టు 29న బెర్లిన్‌లో జన్మించారు. తండ్రి మొదటి ప్రపంచ యుద్ధంలో మరణించారు. బెర్లిన్ విశ్వవిద్యాలయంలో వైద్యవిద్య పూర్తిచేసిన ఫోర్స్‌మన్, 1929లో ఆ నగరానికి సమీపంలోని ఎబర్స్‌వాల్డె పట్టణ ఆసుపత్రిలో శస్త్రచికిత్స విభాగంలో చేరారు.

ఆ రోజుల్లో గుండె ఆగిపోతున్న రోగికి ఛాతీ గుండా సూదిని నేరుగా గుండెలోకి గుచ్చి మందు ఎక్కించేవారు. ఆ సూది రక్తనాళాన్ని గాయపరిస్తే చికిత్సే ప్రాణాంతకమయ్యేది. చేతి సిర గుండా గొట్టాన్ని పంపి మందును గుండెకు చేర్చవచ్చునని ఫోర్స్‌మన్ భావించారు. 19వ శతాబ్దిలో ఫ్రెంచ్ శాస్త్రజ్ఞులు గుర్రం మెడ సిర ద్వారా గుండెలోకి గొట్టం పంపిన ప్రయోగం ఆయనకు స్ఫూర్తినిచ్చింది. అయితే పై అధికారి అనుమతి ఇవ్వలేదు.

తొలి ప్రయత్నంలో సహచర వైద్యుడొకరు ఫోర్స్‌మన్ సిరలోకి 35 సెంటీమీటర్ల మేర గొట్టం పంపి, భయపడి ఆపివేశారు. రెండోసారి నర్సు గెర్డా డిట్జెన్ ప్రయోగానికి తన శరీరాన్నే ఇవ్వడానికి ముందుకు వచ్చారు. ఆమెను శస్త్రచికిత్స బల్లపై కట్టి ఉంచిన ఫోర్స్‌మన్, మూత్రనాళానికి వాడే సన్నని గొట్టాన్ని ఆమెకు తెలియకుండా తన ఎడమ మోచేతి సిరలోకి పంపుకున్నారు. 65 సెంటీమీటర్లు లోపలికి వెళ్లాక, ఆ గొట్టంతోనే ఎక్స్‌రే గదికి నడిచారు. గొట్టం కొన గుండె కుడి భాగంలో ఉన్నట్లు చిత్రంలో స్పష్టంగా కనిపించింది.

అదే ఏడాది ప్రచురితమైన ఆయన వ్యాసంలో మరో ముఖ్య విషయం ఉంది. తీవ్రమైన ఇన్ఫెక్షన్‌తో మరణం అంచున ఉన్న ఒక మహిళకు ఇదే మార్గంలో ఆయన మందులు ఎక్కించారు. ఆమె పరిస్థితి కొంతసేపు మెరుగుపడినా ప్రాణం దక్కలేదు. అయినా గుండె చెంతకు చేర్చిన గొట్టం ద్వారా చికిత్స సాధ్యమేనని ఆ ప్రయత్నం చూపింది.

వైద్యలోకం ఆయనను ఆదరించలేదు. బెర్లిన్‌లోని ప్రసిద్ధ షారిటే ఆసుపత్రి నుంచి ఆయన వైదొలగవలసి వచ్చింది. పరిశోధనకు అవకాశం కొరవడటంతో మూత్రకోశ వ్యాధుల చికిత్స వైపు మళ్లారు. 1932లో నాజీ పార్టీలో చేరి, 1945 వరకు సభ్యునిగా కొనసాగడం ఆయన జీవితంలో చెరగని మచ్చ. రెండో ప్రపంచ యుద్ధంలో సైనిక వైద్యునిగా పనిచేసి, అమెరికన్ సేనలకు బందీ అయ్యారు. విడుదలయ్యాక కొంతకాలం గ్రామీణ ప్రాంతంలో గడిపి, 1950 నుంచి బాడ్ క్రోయిజ్‌నాఖ్ పట్టణంలో వైద్యం చేశారు.

ఈలోగా న్యూయార్క్‌లో ఆంద్రే కూర్నాన్, డికిన్సన్ రిచర్డ్స్ ఆయన పద్ధతిని గుండె జబ్బుల పరిశోధనకు అన్వయించారు. 1956లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి ముగ్గురికీ కలిపి లభించింది. చిన్న పట్టణంలో సాధారణ వైద్యునిగా కాలం గడుపుతున్న ఫోర్స్‌మన్‌కు 27 ఏళ్ల తర్వాత దక్కిన గుర్తింపు అది.

ఆయన తొలి లక్ష్యమైన చికిత్స మార్గానికి అమెరికాలోని సియాటిల్ నగరంలో కొత్త రూపం వచ్చింది. గాఢమైన పోషక ద్రవాలు, క్యాన్సర్ మందులు చేతిలోని చిన్న సిరలను దెబ్బతీస్తాయి. గుండెకు చేరువలోని పెద్ద సిరలో రక్తప్రవాహం అధికం కనుక అవి వెంటనే పలచబడతాయి. అయితే గొట్టం నెలల తరబడి నిలవాలంటే సూక్ష్మక్రిములను అడ్డుకోవాలి. 1973లో బ్రోవియాక్, 1979లో హిక్‌మన్ పేర్లతో వెలువడిన గొట్టాలు ఇందుకు ఉపకరించాయి. సిలికాన్ రబ్బరుతో చేసిన ఈ గొట్టం సిర నుంచి చర్మం అడుగున కొంతదూరం సొరంగంలా సాగి ఛాతీపై బయటికి వస్తుంది. చర్మం కింద దాని చుట్టూ ఉన్న డాక్రాన్ పట్టీలోకి కణజాలం పెరిగి, గొట్టాన్ని కదలకుండా పట్టి ఉంచుతూ క్రిములకు అడ్డుకట్ట వేస్తుంది. ఆ రక్షణ ఉన్నా ఇన్ఫెక్షన్ ముప్పు పూర్తిగా తొలగదు. గొట్టాన్ని తాకే ప్రతిసారీ చేతుల శుభ్రత తప్పనిసరి.

హిక్‌మన్ గొట్టం వెలుగులోకి వచ్చిన 1979లోనే, జూన్ 1న, ఫోర్స్‌మన్ కన్నుమూశారు. గుండె జబ్బే ఆయన మరణానికి కారణమైంది.