మాటకు రూపమిచ్చిన గురువు: అలెగ్జాండర్ గ్రాహం బెల్

టెలిఫోను పేరు చెప్పగానే అలెగ్జాండర్ గ్రాహం బెల్ మనకు స్ఫురిస్తాడు. కాని ఆయన మొదట ఉపాధ్యాయుడనీ, శిష్యుల ఉచ్చారణను వారి కన్నులకే చూపాలని తపించినవాడనీ ఎరిగినవారు తక్కువ.

బెల్ 1847 మార్చి 3న స్కాట్లండులోని ఎడింబరో నగరంలో జన్మించాడు. తాత, తండ్రి ఉభయులూ ఉచ్చారణ బోధకులే. మాట పలికేటప్పుడు నాలుక, పెదవులు, కంఠం ఏ స్థితిలో ఉండాలో తెలిపే లిపి నొకదానిని తండ్రి రూపొందించాడు. తల్లికి వినికిడి తక్కువ. సోదరులిద్దరూ క్షయవ్యాధికి బలియైన పిదప, 1870లో ఆ కుటుంబం కెనడాకు తరలిపోయింది. మరుసటి ఏడాది బెల్ అమెరికాలోని బోస్టన్ నగరంలో బధిర విద్యార్థులకు మాటలు నేర్పసాగాడు.

తన గొంతును తానే వినలేని విద్యార్థి తన దోషాన్ని దిద్దుకొనే దెట్లు? ఈ ప్రశ్న బెల్‌ను వెంటాడింది. 1874లో, చెవి వైద్యుడైన క్లారెన్స్ బ్లేక్ సహాయంతో, మృతుని చెవి భాగానికి గడ్డిపుల్ల నమర్చి, మసిపూసిన గాజుపలకపై స్వరకంపనలు గీతలుగా పడే సాధనాన్ని నిర్మించాడు. గురువు గీత సరసన తన గీతను పోల్చి చూచుకొని శిష్యుడు తానే సరిదిద్దుకోవాలన్నది ఆయన ఆశయం. పలుచని పొర కంపించే తీరును గమనించిన ఆ అనుభవమే 1876 నాటి టెలిఫోనుకు దారి చూపింది.

1880లో ఫ్రాన్సు ఒసగిన వోల్టా బహుమతి 50,000 ఫ్రాంకులతో ఆయన వాషింగ్టన్‌లో ప్రయోగశాల నెలకొల్పి, సహచరులతో కలసి మైనంపై ధ్వనిముద్రణకు కృషి చేశాడు. 1885లో ముద్రించిన ఆయన కంఠస్వరాన్ని శాస్త్రజ్ఞులు 2013లో తిరిగి వినిపించగలిగారు. బెల్ 1922 ఆగస్టు 2న కన్నుమూశాడు.

ఇంతటి గురువునందూ ఒక లోపమున్నది. బధిరులు సంజ్ఞలను విడిచి నోటితోనే మాట్లాడాలని ఆయన పట్టుపట్టాడు. సంజ్ఞలే సహజభాషగా గల బాలలకు దానివలన కలిగిన నష్టాన్ని బధిర సమాజం నేటికీ మరువలేదు.

నేడు విద్యార్థి చెప్పే మౌఖిక సమాధానాన్ని ధ్వనిగా, దృశ్యంగా నమోదు చేయుటకు చేతిలోని సెల్‌ఫోను చాలు. ఉర్దూ మాతృభాషగా గలవారు తెలుగులోని ణకార ళకారాల వద్ద, తెలుగువారు ఉర్దూలోని ఖే, గైన్ ధ్వనుల వద్ద తడబడుట మేము నిత్యం చూస్తున్నదే. తన మాటను తాను రెండుసార్లు వింటే తప్పు ఎక్కడున్నదో విద్యార్థికే తెలుస్తుంది. నలుగురి ఎదుట ఎత్తిచూపవలసిన పని ఉండదు. అయితే ఆ ముద్రణ విద్యార్థి సమ్మతితో జరగాలి, అతని అభ్యాసానికే పరిమితం కావాలి. అది పరిహాసానికి సాధనమైతే, నోరు విప్పినవాడు మరల విప్పడు.

బెల్ చూపిన మార్గాన్ని మనం గైకొందాం. ఆయన పట్టుదలను మాత్రం విడిచిపెడదాం. కొత్త భాష నేర్పే గురువు శిష్యుని ఇంటిభాషను చిన్నబుచ్చరాదని మా విశ్వాసం.