పండిత రమాబాయి: మారినదేమిటి, మారనిదేమిటి



మన గూడేల్లో ఇప్పుడు ఒకే ఇంట్లో అన్న ఊరి పండక్కి వెళ్తాడు, తమ్ముడు ఆదివారం చర్చికి వెళ్తాడు. ఈ విషయం మీద మాటామాటా పెరిగి పలకరింపులు మానేసిన కుటుంబాలు మనందరికీ తెలుసు. క్రీస్తును నమ్మినవాడు తన వాళ్ళకు, తన భాషకు, తన కట్టుబాట్లకు దూరమైపోతాడని కొందరి భయం. నమ్మితే చాలు, బతుకు దానంతట అదే మారిపోతుందని మరికొందరి ధీమా. ఈ రెండు మాటల్లో ఎంత నిజముందో తెలియాలంటే ఆ దారిలో నడిచిన ఒక మనిషి జీవితం చూడాలి. అందుకే ఈ సంచికలో పండిత రమాబాయి గురించి రాస్తున్నాను. ఆమె మన తెగల మనిషి కాదు, మరాఠీ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టింది. కానీ అడవి, ఆకలి, కాలినడక ఆమెకు మనకు తెలిసినంతగానూ తెలుసు.

అడవిలో పుట్టిన పిల్ల

రమాబాయి 1858 ఏప్రిల్ 23న పశ్చిమ కనుమల్లోని గంగామూల అడవిలో పుట్టింది. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే గొప్ప సంస్కృత పండితుడు. భార్య లక్ష్మీబాయికి సంస్కృతం నేర్పించాలనుకున్నాడు. ఆడవాళ్ళకు ఆ చదువేమిటని తోటివాళ్ళు తప్పుపట్టారు. ఆయన పట్టు వదలలేదు, అడవిలో ఇల్లు కట్టుకుని అక్కడే భార్యకు చదువు చెప్పాడు. తర్వాత ఆ తల్లే కూతురికి గురువయింది.

రమాబాయి ఆరు నెలల పిల్లగా ఉన్నప్పుడే ఆ కుటుంబం ఇల్లు విడిచి తీర్థయాత్రలకు బయలుదేరింది. కొండ దిగేటప్పుడు పాపను బెత్తపు బుట్టలో పెట్టి నెత్తిన మోసుకెళ్ళారు. అప్పటినుంచి వాళ్ళకు స్థిరమైన ఊరు లేదు. గుళ్ళలో, చెరువు గట్ల మీద పురాణం చదవడం, భక్తులు ఇచ్చినదానితో బతకడం, ఇదే జీవితం.

1874 ప్రాంతంలో మద్రాసు రాజధానిలో కరువు వచ్చింది. ఇచ్చేవాళ్ళు లేరు. కూలి పని చేయడం వాళ్ళకు చేతకాదు, చేయడం పరువు తక్కువ అనుకునేవారు. చేతిలో ఉన్నదంతా అయిపోయాక, తిరుపతి దగ్గరి అడవిలోకి చావడానికే వెళ్ళారు. పదకొండు పగళ్ళు, పదకొండు రాత్రులు నీళ్ళు, ఆకులు, గుప్పెడు ఈతపళ్ళతో గడిపారు. మన పెద్దవాళ్ళు కరువు రోజుల్లో మామిడి టెంకల అంబలి తాగి బతికిన సంగతి విన్నవాళ్ళకు ఆ ఆకలి ఎలాంటిదో వేరే చెప్పనక్కరలేదు. అడవి నుంచి బయటికి వచ్చాక కొద్ది రోజుల్లోనే తండ్రి పోయాడు. తర్వాత తల్లి, ఆ తర్వాత అక్క. తల్లి పాడె మోయడానికి మనుషులు చాలక రమాబాయే ఒక కొమ్ము పట్టింది. పొట్టి మనిషి కావడంతో భుజానికి అందక నెత్తిన పెట్టుకుని మోసింది. అప్పుడామెకు పదహారేళ్ళు.

కీర్తి వచ్చింది, దుఃఖం పోలేదు

మిగిలింది అన్న శ్రీనివాస్, తను. ఇద్దరూ దేశమంతా దాదాపు నాలుగు వేల మైళ్ళు నడిచారు. ఉత్తరాన జీలం నది ఒడ్డున చలికి తట్టుకోలేక ఇసుకలో గోతులు తవ్వుకుని, మెడదాకా ఇసుక కప్పుకుని పడుకున్న రాత్రులున్నాయి. 1878లో కలకత్తా చేరారు. ఇరవై ఏళ్ళ అమ్మాయి సంస్కృతంలో ధారాళంగా మాట్లాడడం చూసి అక్కడి పండితులు ఆశ్చర్యపోయారు. పరీక్షించి, పండిత, సరస్వతి అనే బిరుదులిచ్చారు.

కానీ శాస్త్రాలు లోతుగా చదివినకొద్దీ ఆమెకు ఒక సంగతి గుచ్చుకుంది. ఎన్నో విషయాల్లో ఒకదానితో ఒకటి పొసగని ఆ గ్రంథాలు ఆడదాన్నీ, కింది కులాలవాళ్ళనూ తక్కువ చేయడంలో మాత్రం ఒక్కటిగా ఉన్నాయని ఆమెకు అనిపించింది. పాత నమ్మకం అక్కడే సడలింది.

1880లో అన్న కూడా చనిపోయాడు. అదే ఏడాది ఆమె బిపిన్ బిహారీ దాస్ మేధావి అనే బెంగాలీ వకీలును రిజిస్టరు పెళ్ళి చేసుకుంది. ఆయన శూద్ర కులస్థుడు, కాబట్టి రెండు వైపులా బంధువులు దూరమయ్యారు. అస్సాంలోని సిల్చార్‌లో కాపురం. భర్త పుస్తకాల మధ్య దొరికిన లూకా సువార్తను ఆమె మొదటిసారి అక్కడే చదివింది. 1881లో కూతురు మనోరమ పుట్టింది. 1882 ఫిబ్రవరిలో భర్త కలరాతో పోయాడు. ఇరవై నాలుగేళ్ళు నిండకముందే రమాబాయి విధవరాలు, చంకలో పసిపిల్ల.

ఆమె ఏడుస్తూ కూర్చోలేదు. పుణే వెళ్ళి ఆర్య మహిళా సమాజం స్థాపించింది. ఆడపిల్లల చదువు గురించి, ఆడవాళ్ళకు స్త్రీ వైద్యుల అవసరం గురించి హంటర్ కమిషన్ ముందు చెప్పింది. వైద్యం చదవాలని 1883లో ఇంగ్లండు వెళ్ళింది. కానీ చెవులు సరిగా వినపడకపోవడంతో ఆ చదువు సాగలేదు.

ఆమెను కదిలించిన దృశ్యం

ఇంగ్లండులో వాంటేజ్ అనే ఊళ్ళో క్రైస్తవ సన్యాసినుల ఆశ్రమంలో ఉండేది. వాళ్ళు ఆమెను లండన్‌లోని ఫుల్హామ్‌కి తీసుకెళ్ళి తాము నడుపుతున్న ఒక ఆశ్రయాన్ని చూపించారు. సమాజం చెడిపోయినవాళ్ళని వెలివేసిన ఆడవాళ్ళకు అక్కడ చోటుంది, పనుంది, మర్యాద ఉంది. బాగుపడినవాళ్ళు తమలాంటి మరికొందరికి సేవ చేస్తున్నారు. ఇలాంటివాళ్ళను తరిమేయడమే తప్ప దగ్గరకు తీయడం ఆమె అంతవరకు ఎక్కడా చూడలేదు. వీళ్ళకెందుకింత దయ అని అడిగితే, యేసు సమరయ స్త్రీతో బావి దగ్గర మాట్లాడిన కథ చెప్పారు. 1883 సెప్టెంబరు 29న ఆమె, చిన్నారి మనోరమ బాప్తిస్మం తీసుకున్నారు.

పిల్లలూ, ఇక్కడ కాస్త ఆగి చూడండి. ఆమెను కదిలించింది వాదన కాదు, డబ్బూ కాదు, ఒకరు చేస్తున్న పని.

బాప్తిస్మం తర్వాత ఆమె దొరసానిలా మారిపోలేదు. మాంసం ముట్టలేదు. చీర మానలేదు. లాటిన్ అక్షరాలున్న సిలువ వేసుకోమంటే ఒప్పుకోలేదు, తన దేశపు సంస్కృతం ఉండగా తనకు తెలియని ఆ భాష ఎందుకంది. మగవాళ్ళకు పాఠం చెప్పకూడదని బిషప్పులు అడ్డుపడితే, తన దేశంలో మగవాళ్ళ సభల్లో మాట్లాడి వచ్చినదాన్నని గట్టిగా జవాబు రాసింది. క్రీస్తుకు లోబడతానే గానీ ప్రతి పెద్దమనిషి మాటకూ తలొగ్గనన్నది ఆమె పద్ధతి.

మరో సంగతి. తాను మొదట తెలుసుకున్నది క్రైస్తవ మతాన్ని మాత్రమేననీ, క్రీస్తును తెలుసుకోవడానికి ఇంకో ఎనిమిదేళ్ళు పట్టిందనీ ఆమె తర్వాత రాసుకుంది. బాప్తిస్మం రోజునే అన్నీ అయిపోలేదన్నమాట.

శారదా సదన్ నుంచి ముక్తి దాకా

1886లో అమెరికా వెళ్ళింది. హిందూ స్త్రీల, ముఖ్యంగా బాలవితంతువుల స్థితిపై ఇంగ్లీషులో పుస్తకం రాసి, ఊరూరా మాట్లాడి విరాళాలు పోగుచేసింది. 1889 మార్చి 11న బొంబాయిలో శారదా సదన్ తెరిచింది. విధవలకు చదువు, పని నేర్పే హాస్టల్ అది. మరుసటి ఏడాది పుణేకి మార్చింది. అక్కడ చదివిన గోదూబాయి అనే బాలవితంతువే తర్వాత మహర్షి ధోండో కేశవ్ కర్వే భార్య అయింది.

సదన్‌లో మత బోధన ఉండదని ఆమె మాటిచ్చింది. కానీ తన గదిలో తాను ప్రార్థన చేసుకునేటప్పుడు తలుపు మూసేది కాదు. కొందరు పిల్లలు వచ్చి కూర్చునేవారు. 1893లో దీనిపై పెద్ద గొడవయింది. తిలక్ పత్రిక కేసరి తీవ్రంగా విమర్శించింది. సలహా సంఘంలోని రానడే, భండార్కర్ వంటి పెద్దలు తప్పుకున్నారు. చాలామంది తల్లిదండ్రులు పిల్లల్ని తీసుకెళ్ళిపోయారు. ఇవాళ చదివేవాళ్ళు ఆమె పక్షమైనా తీసుకోవచ్చు, ఆ తల్లిదండ్రుల పక్షమైనా తీసుకోవచ్చు. హాస్టల్ నడిపే మనిషిగా నాకు తెలిసిందొకటే. పిల్లను మన గడపలో వదిలిన తల్లికి మన మీద నమ్మకం ఉండాలి, అది ఒకసారి పోతే తిరిగి సంపాదించడం చాలా కష్టం.

అసలు పరీక్ష 1896-97 కరువులో వచ్చింది. అప్పటి మధ్య పరగణాలు, అంటే గోండు సోదరుల నేల కూడా ఉన్న ప్రాంతం, ఎండిపోయింది. దిక్కులేని ఆడపిల్లల్ని మోసగాళ్ళు ఎత్తుకుపోతున్నారని తెలిసి రమాబాయి తానే వెళ్ళింది. తిరుపతి అడవిలో ఆకులు తిన్న పదహారేళ్ళ పిల్ల ఆమెలో ఇంకా ఉంది. ఎముకల గూళ్ళలా ఉన్న వందలాది మందిని వెంటబెట్టుకు వచ్చింది. పుణే దగ్గర కేడ్గావ్‌లో తోట కోసం కొన్న భూమిలో గుడిసెలు వేసింది, బావులు తవ్వించింది. శారదా సదన్ పెద్దపిల్లలు కొత్తగా వచ్చిన పిల్లలకు తోడుగా నిలిచారు. ఆ చోటికే ముక్తి అని పేరు. 1900లో గుజరాత్ కరువు తర్వాత అక్కడ దాదాపు రెండు వేలమంది ఉండేవారు.

కరువులో తన తల్లిదండ్రులకు పని చేతకాకపోవడం ఎంత నష్టం చేసిందో ఆమె మరిచిపోలేదు. అందుకే ముక్తిలో అక్షరంతో పాటు వ్యవసాయం, నేత, గానుగ, పశుపోషణ, ముద్రణ నేర్పారు. చూపులేనివాళ్ళకు మనోరమ బ్రెయిలీ నేర్పింది. వీధినపడ్డ ఆడవాళ్ళ కోసం కృపా సదన్ పెట్టారు. ఫుల్హామ్‌లో చూసింది కేడ్గావ్‌లో కట్టి చూపించింది.

చివరి ఏళ్ళలో హీబ్రూ, గ్రీకు నేర్చుకుని బైబిలును మరాఠీలోకి తర్జుమా చేసింది. పండితుల మరాఠీ కాదు, పెద్దగా చదువులేని పల్లె ఆడదానికి అర్థమయ్యే మరాఠీ. అక్షరాలు పేర్చింది, అచ్చువేసింది ముక్తి ఆడవాళ్ళే. నిజాం రాజ్యంలోని గుల్బర్గాలో కూడా తల్లీకూతుళ్ళు బడి తెరిచారు. 1919లో ప్రభుత్వం కైజర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది. 1921లో మనోరమ చనిపోయింది. తొమ్మిది నెలలకు, 1922 ఏప్రిల్ 5న, రమాబాయి కన్నుమూసింది. 1989లో తపాలా శాఖ ఆమె పేరిట స్టాంపు వేసింది. కేడ్గావ్‌లో ముక్తి ఇంకా నడుస్తోంది.

మనకు మిగిలేది

విశ్వాసం రమాబాయిలో ఏం మార్చింది? ఒకప్పుడు కూలి పనికి సిగ్గుపడిన ఇంటి పిల్ల, ఎవరూ ముట్టనివాళ్ళ పుళ్ళు కడిగించే చోటుకు యజమానురాలయింది. కులం చూసే కళ్ళు పోయి ఆకలి చూసే కళ్ళు వచ్చాయి. ఏం మారలేదు? భాష, చీర, తిండి, ఎవరి ముందైనా నిలబడి అడిగే ధైర్యం. అవి వదులుకోమన్నవాళ్ళకు ఆమె లొంగలేదు.

కాబట్టి చర్చికి వెళ్ళే తమ్ముడా, మీ అమ్మ భాషలో మాట్లాడడానికి, ధింసా చూసి ఆనందించడానికి సిగ్గుపడకు. నీ విశ్వాసం ఎంతో నీ ఊళ్ళో ఆకలిగా ఉన్నవాళ్ళకు, బడి మానేసిన పిల్లకు తెలియాలి. వెళ్ళని అన్నా, నమ్మిన తమ్ముడిని పరాయివాడని అనకు, అతను ఏం చేస్తున్నాడో చూసి మాట్లాడు. ఈ సెలవుల్లో ఊరెళ్ళినప్పుడు ఇద్దరూ కలిసి ఒక పని చేయండి. చదువు మధ్యలో ఆపేసిన ఆడపిల్ల ఒక్కరున్నా ఇంటికి వెళ్ళి, వాళ్ళ అమ్మానాన్నలతో మాట్లాడి, జూన్‌లో బడి తెరిచేసరికి హాస్టల్‌కి తీసుకురండి. ఆ పిల్ల ఏ దేవుడికి దణ్ణం పెడుతుందని మేము అడగం.