లార్డ్ రేలీ

లార్డ్ రేలీ (నవంబరు 12, 1842 - జూన్ 30, 1919) సుప్రసిద్ధ ఆంగ్ల భౌతిక శాస్త్రవేత్త. అసలు పేరు జాన్ విలియం స్ట్రట్. ఆకాశపు నీలిరంగుకు కారణము వివరించినవానిగా, ఆర్గాన్ వాయువును కనుగొన్నవానిగా ఈయన పాఠ్యపుస్తకాలలో కనిపిస్తాడు. కంపించే వస్తువు తన శక్తిని ఎలా కోల్పోతుందో గణితరూపంలో చెప్పడంలోను ఈయన పాత్ర గొప్పది. లోహపు రేకుల నడుమ పాలిమర్ పొరను ఉంచి కంపనాలను అణచే నేటి సంయుక్త పదార్థాల లెక్కలలో ఈయన పేరు తరచుగా వినబడుతుంది.

బాల్యము, విద్య

రేలీ ఇంగ్లండులోని ఎసెక్స్ ప్రాంతంలో ఒక జమీందారీ కుటుంబంలో జన్మించాడు. అనారోగ్యము వలన ఈటన్, హారో పాఠశాలలలో ఎక్కువ కాలము చదువలేకపోయాడు. 1861లో కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలో చేరి, 1865లో గణిత పరీక్షలో ప్రథముడుగా నిలిచాడు. 1871లో ఎవెలిన్ బాల్ఫోర్‌ను వివాహమాడాడు. తరువాతి కాలంలో బ్రిటన్ ప్రధాని అయిన ఆర్థర్ బాల్ఫోర్ ఈమె సోదరుడు.

నైలు నదిపై గ్రంథరచన

1872లో రేలీకి తీవ్రమైన కీళ్ళవాత జ్వరము వచ్చింది. కోలుకొనడానికి ఆ చలికాలము భార్యతో కలిసి ఈజిప్టు వెళ్ళి, నైలు నదిపై పడవలో ప్రయాణించాడు. ప్రయోగశాల లేదు, పరికరాలు లేవు. ధ్వని శాస్త్రంపై ఈయన రచించిన మహాగ్రంథము "థియరీ ఆఫ్ సౌండ్" ఆ పడవలోనే మొదలయింది. దాని మొదటి సంపుటము 1877లో, రెండవది 1878లో వెలువడ్డాయి. 1873లో తండ్రి మరణించగా రేలీ బిరుదు, ఆస్తి ఈయనకు సంక్రమించాయి. 1876లో వ్యవసాయ వ్యవహారాలను తమ్ముడు ఎడ్వర్డుకు అప్పగించి, టెర్లింగ్ గ్రామంలోని స్వగృహంలో పరిశోధనలు కొనసాగించాడు.

కంపనాల అవరోధనము

మ్రోగించిన గంట క్రమంగా నిశ్శబ్దమవుతుంది. ఇలా కంపనము తగ్గిపోవడాన్ని అవరోధనము లేదా డాంపింగ్ అంటారు. 1873లో రేలీ దీనికి "శక్తి దుర్వ్యయ ప్రమేయము" అనే భావనను ప్రవేశపెట్టాడు. ఘర్షణ బలము వేగానికి అనుపాతంలో ఉంటే, శక్తి నష్టమయ్యే రేటులో సగము ఈ ప్రమేయానికి సమానము. వస్తువులోని అవరోధనము కొంత ద్రవ్యరాశికి, కొంత దృఢత్వానికి అనుపాతంలో ఉన్నదనుకుంటే, దాని కంపన రీతులను ఒకదానితో ఒకటి కలవకుండా విడివిడిగా లెక్కించవచ్చు. ఇంజనీర్లు దీనిని రేలీ డాంపింగ్ అంటారు. ఇందులో స్థిరాంకాలు రెండే. కనుక కొలిచిన విలువలతో సాధారణంగా రెండు పౌనఃపున్యాల వద్ద మాత్రమే కచ్చితంగా సరిపోతుంది.

పొరల పదార్థాల విషయంలో ఈ పరిమితి స్పష్టంగా బయటపడుతుంది. రెండు ఉక్కు రేకుల నడుమ పలుచని పాలిమర్ పొర ఉన్న పలకను వంచితే, రేకులు ఒకదానిపై ఒకటి జరగడానికి ప్రయత్నిస్తాయి. మధ్య పొర పక్కకు సాగి, కంపన శక్తిని వేడిగా మార్చుతుంది. కార్ల ఇంజను ఆయిల్ సంపులలో ఇటువంటి రేకులను వాడుతున్నారు. ఇక్కడ నష్టమంతా దాదాపుగా ఒక్క పొరలోనే జరుగుతుంది. ఉక్కులో జరిగేది అత్యల్పము. అవరోధనము వస్తువంతటా ఒకే అనుపాతంలో ఉన్నదనే ఊహ ఇక్కడ నిలువదు. పైగా పాలిమర్ గుణము ఉష్ణోగ్రతతో, పౌనఃపున్యంతో మారుతుంది. గట్టిగా, పెళుసుగా ఉండే స్థితి నుండి రబ్బరు వంటి స్థితికి మారే ఉష్ణోగ్రతల దగ్గర అది శక్తిని ఎక్కువగా పీల్చుకుంటుంది. సౌలభ్యము కోసము వీటికి కూడా రేలీ స్థిరాంకాలనే వాడడము కద్దు; ఫలితాన్ని నమ్మే ముందు పై సంగతులు చూసుకోవాలి. ఇందులో రేలీ తప్పేమీ లేదు. తన సూత్రము ప్రత్యేక సందర్భానికి చెందినదని ఆయనకు తెలుసు. పాలిమర్లు పొడవైన గొలుసు అణువులని స్టాడింజర్ ప్రతిపాదించినది 1920లో, అంటే రేలీ మరణించిన మరుసటి సంవత్సరము. పొరల పలకలకు తగిన సిద్ధాంతాన్ని 1959లో కెర్విన్ ప్రకటించాడు.

ఇతర పరిశోధనలు, పదవులు

మాక్స్‌వెల్ మరణానంతరము 1879 నుండి 1884 వరకు కేంబ్రిడ్జిలో కావెండిష్ ఆచార్యునిగా పనిచేశాడు. గాలి నుండి తీసిన నత్రజని, రసాయనికంగా తయారైన నత్రజని కంటే సుమారు అర శాతము బరువుగా ఉండడాన్ని ఈయన ఉపేక్షించలేదు. ఆ స్వల్ప తేడాయే విలియం రామ్సేతో కలిసి 1894లో ఆర్గాన్‌ను కనుగొనడానికి దారితీసింది. 1904లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించగా, ఆ ధనాన్ని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి ఇచ్చాడు. 1905 నుండి 1908 వరకు రాయల్ సొసైటీ అధ్యక్షుడుగాను, 1908 నుండి మరణించేవరకు కేంబ్రిడ్జి ఛాన్సలరుగాను ఉన్నాడు.

1919 జూన్ 30న ఎసెక్స్‌లోని స్వగృహంలో మరణించాడు. ఈయన పెద్ద కుమారుడు రాబర్ట్ జాన్ స్ట్రట్ కూడా భౌతిక శాస్త్రవేత్తయే. తండ్రి జీవితచరిత్రను 1924లో ప్రచురించాడు.