మెయిన్స్ దాటని మేటి కథకుడు

మొదటి పరీక్షలో జిల్లా ఫస్ట్. ఇక మెయిన్స్ లాంఛనమే అనుకున్నారంతా. ఆ మెయిన్స్ మాత్రం నలభై ఏళ్లు కుస్తీ పట్టినా దాటలేదు! మన గ్రూప్స్ అభ్యర్థి గురించి అనుకుంటున్నారా? మూడున్నర శతాబ్దాల కిందటి చైనా రచయిత పూ సోంగ్‌లింగ్ గురించి. నక్క అందగత్తెగా మారడం, దయ్యం మనిషిని ప్రేమించడం లాంటి చైనా సినిమాలు మీరు చూసి ఉంటే, వాటిలో చాలావాటికి మూలం ఆయన ‘లియావ్‌జాయ్’ కథలే.

1640లో షాన్‌డోంగ్ ప్రాంతంలో జిచువాన్ దగ్గరి పల్లెలో పుట్టారు. తండ్రి చదువుకున్నవాడే, పరీక్షలు కలిసిరాక వ్యాపారంలోకి దిగాడు. 1658లో, పద్దెనిమిదేళ్లకే, పూ సర్కారు కొలువుల పరీక్షలో తొలి అంచె రాసి అందులోని మూడు దశల్లోనూ ఫస్ట్ వచ్చారు.

రెండో అంచె మూడేళ్లకోసారి జినాన్ నగరంలో. ఒక్కొక్కరికీ ఇరుకు గది. రాయడం, తినడం, పడుకోవడం అన్నీ అందులోనే. వ్యాసం సరిగ్గా ఎనిమిది భాగాల్లో, కొలిచినట్టు ఉండాలి. వేల మందిలో గట్టెక్కేది కొందరే. 1687లో పూ తొందరలో ఒక పేజీ ఖాళీగా వదిలేసి తర్వాతి పేజీలో రాసేశారు. అంతే, నిబంధన ప్రకారం అనర్హుడు! ఓఎంఆర్ షీట్‌లో బబుల్ తప్పు దిద్దినవాళ్లకి ఆ రాత్రి ఎలా గడిచి ఉంటుందో చెప్పక్కర్లేదు.

మరి ఇల్లు గడవాలి కదా. 1670లో ఓ అధికారి దగ్గర గుమాస్తాగా ఏడాది పాటు చేశారు. 1679 నుంచి బీ అనే సంపన్న కుటుంబంలో పిల్లలకు ట్యూషన్ మాస్టారు. దాదాపు ముప్పై ఏళ్లు అదే ఉద్యోగం! భార్యాపిల్లలు సొంతూళ్లో, ఆయన వాళ్లింట్లో. అయితే అక్కడ మంచి గ్రంథాలయం ఉంది, రాత్రిళ్లు తీరిక ఉంది. విన్న వింతలన్నీ కథలయ్యాయి. చిన్నవీ పెద్దవీ కలిపి దాదాపు ఐదొందలు. దారిన పోయేవాళ్లకి టీ ఇచ్చి కథలు చెప్పించుకునేవారని ఓ ముచ్చట ఉంది. వినడానికి బాగుంది గానీ, రోజంతా పాఠాలు చెప్పే పంతులికి అంత తీరిక ఎక్కడిది?

ఒక్క కథ చూడండి. యే అనే యువకుడు బాగా రాస్తాడు, పరీక్ష తప్పుతాడు, మంచం పడతాడు. తర్వాత తనని మెచ్చిన అధికారి వెంట వెళ్లి, ఆయన కొడుక్కి చదువు చెబుతాడు. ఆ కుర్రాడు పాసవుతాడు. యే కూడా పాసై సంబరంగా ఇంటికొస్తాడు. భార్య అతణ్ని చూసి చేతిలో చేట వదిలేసి పరుగెడుతుంది. అతను చనిపోయి చాలాకాలమైంది! ఇంట్లో తన శవపేటిక కనిపించగానే కూలిపోతాడు. నేల మీద మిగిలింది బట్టలే. దయ్యాల కథే, కానీ భయపెట్టేది దయ్యం కాదు. పోయాక కూడా ఫలితం కోసం తిరిగేంత ఆశ. ఈ కథలు ఇంకా చదివిస్తున్నాయంటే కారణం ఇదేననిపిస్తుంది. నక్కలూ ప్రేతాలూ తిరిగే ఆ లోకంలో ఆకలి, లంచం, అప్పు మాత్రం మనకి తెలిసినవే.

యాభై దాటాక ఇక చాలించమని భార్య నచ్చజెప్పింది. పై పదవి రాసిపెట్టి ఉంటే ఈపాటికి వచ్చేదేనన్నది ఆమె వాదన. అయినా ఆశ చావలేదు. 1711లో, డెబ్బై దాటాక, సీనియారిటీ కింద ఓ బిరుదు వచ్చింది. దానికి రావాల్సిన గౌరవ జెండా కోసం, డబ్బు కోసం కూడా అర్జీలు పెట్టుకోవాల్సి వచ్చింది.

ఆ మధ్యే రైతులకి సాగు, పట్టుపురుగుల పెంపకం గురించీ, పల్లె జనానికి మందుల గురించీ పుస్తకాలు రాశారు. వాటిని ఎందుకో ఎవరూ పెద్దగా చెప్పుకోరు.

1715 చలికాలంలో కిటికీ పక్కన కూర్చున్నవారు అలాగే కన్నుమూశారు. కథలు అప్పటికి అచ్చు కాలేదు, చేతిరాత ప్రతులుగానే తిరిగాయి. 1766లో తొలిసారి అచ్చయ్యాయి. 1880లో కొన్ని ఇంగ్లిషులోకి వెళ్లాయి. 1987లో హాంకాంగ్‌లో తీసిన ‘ఎ చైనీస్ ఘోస్ట్ స్టోరీ’ ఆయన కథే. ఆయన సొంత దస్తూరీతో ఉన్న ప్రతిలో సగం లియావోనింగ్ గ్రంథాలయంలో ఇప్పటికీ భద్రంగా ఉంది.