రోడ్డు మధ్యలో గీత గీసిన డాక్టరమ్మ

పెళ్లికో పేరంటానికో రాత్రి బస్సులో వెళ్తూ ఎప్పుడైనా డ్రైవరు వెనక సీట్లో కూర్చున్నారా? ఊరు దాటాక దీపాలుండవు. చెట్లు, పొలాలు, మైలురాళ్లు అన్నీ చీకట్లో కలిసిపోతాయి. కనిపించేదల్లా ఒక్కటే... హెడ్‌లైట్ల వెలుగులో తెల్లగా మెరుస్తూ బస్సు కిందికి పరుగెత్తుకొచ్చే గీతలు. ఇంతలో ఎదురుగా లారీ. దాని లైట్లు కళ్లలో కొడతాయి. మనం ముందున్న కడ్డీని గట్టిగా పట్టుకుంటాం. డ్రైవరు మాత్రం గీతకు ఇవతలే ఉండి నింపాదిగా దాటించేస్తాడు.

ఆ గీతే లేకపోతే?

లేని రోజులూ ఉన్నాయి. అమెరికాలో, కాలిఫోర్నియా ఎడారిలో ఆ రోజుల్ని కళ్లారా చూసి, గీత కోసం ఏడేళ్లపాటు పట్టువదలకుండా తిరిగిన ఒక డాక్టరమ్మ ఉంది. పేరు జూన్ మెకారల్.

ఆవిడ పుట్టింది 1867 జూన్ 30న. పుట్టిన నెల, పెట్టిన పేరు ఒకటే! 1904లో భర్తతో కలిసి దక్షిణ కాలిఫోర్నియాలోని ఇండియో అనే చిన్న ఊరికి వచ్చింది. షికారుకు కాదు. ఆయనకు క్షయ. అప్పటికి దానికి మందు లేదు. పొడి గాలి తగిలితే ఊపిరితిత్తులు కోలుకుంటాయని డాక్టర్లు నమ్మేవారు. మనవైపు మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరానికి రోగుల్ని పంపినట్టే, అక్కడ ఎడారి ఊళ్లలోని ఆరోగ్య శిబిరాలకు పంపేవారు. ఇండియోలో అలాంటి శిబిరం ఉండేది.

సముద్రమట్టం కంటే కిందకి ఉన్న ఊరు అది. చుట్టూ ఇసుక, ఖర్జూరం తోటలు, మధ్యలోంచి సదరన్ పసిఫిక్ రైలుమార్గం. ఎండాకాలంలో మన రెంటచింతల కూడా దాని ముందు చల్లగా అనిపిస్తుందేమో! అలాంటి చోట భర్తకు సేవ చేసుకుంటూ ఇంటి పట్టున ఉండిపోయినా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. జూన్ వైద్యం మొదలుపెట్టింది. 1907 నుంచి 1916 దాకా సాల్టన్ సీ అనే ఉప్పునీటి సరస్సుకీ పామ్ స్ప్రింగ్స్ ఊరికీ మధ్యనున్న ఆ ఎడారి మొత్తానికీ నిలకడగా వైద్యం చేసే డాక్టరు ఆవిడొక్కతే. రైల్వేవాళ్లకూ ఆవిడే డాక్టరు. అక్కడి మూలవాసుల కోసం ప్రభుత్వం కేటాయించిన అయిదు రిజర్వేషన్ల వైద్యం కూడా చూసేది. కాన్పులు, జ్వరాలు, దెబ్బలు... ఎవరు కబురు పెట్టినా ఆ ఇసుక దారుల్లోనే పోవాలి, రావాలి.

భర్త 1914లో పోయాడు. రెండేళ్ల తర్వాత ఇండియో రైల్వేస్టేషన్‌లో ఏజెంటుగా పనిచేసే ఫ్రాంక్ మెకారల్‌ని పెళ్లి చేసుకుంది. అప్పటికి ఆవిడకు నలభై తొమ్మిదేళ్లు. ఈ వయసులో పెళ్లేమిటని ఎడారిలో ఎంతమంది ముక్కున వేలేసుకున్నారో గానీ, ఆవిడ పట్టించుకున్న దాఖలా లేదు.

ఇక అసలు సంగతికొద్దాం. 1917. వేసవి పోయి చలికాలం రాబోతున్న రోజులు. జూన్ తన ఫోర్డ్ మోడల్ టి కారులో వస్తోంది. ఎదురుగా లారీ... పది టన్నులదని ఆవిడే తర్వాత చెప్పుకుంది. రోడ్డు మధ్యలోంచి వచ్చేస్తోంది. అక్కడ బండ్లు కుడివైపు నడుస్తాయి కదా, ఆవిడ తన పక్కనే ఉంది. తప్పుకుంటాడులే అనుకుంటే తప్పుకోలేదు. లారీ కింద పడడమా, కుడివైపు ఇసుకలోకి దిగిపోవడమా? ఆలోచించే వ్యవధి లేదు. ఇసుకలోకి దింపేసింది. ప్రాణం దక్కింది.

లారీవాడిని తిట్టుకుని ఊరుకుంటే కథ అక్కడితో సరి. ఆవిడ మాత్రం వేరేగా ఆలోచించింది. ఆ డ్రైవరు చెడ్డవాడు కాకపోవచ్చు. రోడ్డు పక్కలన్నీ ఇసుక. చక్రం దిగితే కూరుకుపోతుంది. ఆ భయంతో ఎవరైనా మధ్యకే జరుగుతారు. రెండువైపుల వాళ్లూ మధ్యకే జరిగితే? తన సగం ఎక్కడ అయిపోయిందో, అవతలివాడి సగం ఎక్కడ మొదలయిందో చెప్పే గుర్తు రోడ్డు మీద ఏదీ లేదు మరి.

పగలే ఇలా ఉంటే రాత్రి సంగతి చెప్పేదేముంది! అప్పటి మోడల్ టి కార్ల హెడ్‌లైట్లకు కరెంటు ఇంజన్ తిరిగే కొద్దీ పుట్టేది. ఇంజన్ జోరుగా తిరిగితే వెలుగు ఎక్కువ, మెల్లగా తిరిగితే గుడ్డి వెలుగు. అంటే, దారి కనబడక భయంతో వేగం తగ్గించారనుకోండి... సరిగ్గా అప్పుడే దీపం కొడిగట్టేది!

కొన్నాళ్లకు జూన్ కంట మరొకటి పడింది. ఎనిమిదడుగుల రోడ్డును పదహారడుగులకు వెడల్పు చేశారు. పాత సగానికీ కొత్త సగానికీ నడుమ అతుకు దగ్గర చిన్న గట్టులా లేచి ఉంది. పని నున్నగా కుదరక మిగిలిన లోపం అది. అయితే చిత్రం... ఆ రోడ్డు మీద ఎవరికి వాళ్లు తమ పక్కనే పోతున్నారు! ఎవరూ చెప్పలేదు, పోలీసు నిలబడలేదు. నడుమ ఒక గుర్తు కనబడింది, అంతే. మనం వాకిట్లో ముగ్గుగీత వేస్తే పిల్లలు తొక్కకుండా పక్కనుంచి పోతారే, అలాగన్నమాట.

ఆవిడ రివర్‌సైడ్ కౌంటీ బోర్డు దగ్గరికి వెళ్లింది. అంటే మన జిల్లా పరిషత్తులాంటిది. వ్యాపారుల సంఘానికీ చెప్పింది. రోడ్డు నడుమ తెల్ల గీత గీయించండి, ప్రాణాలు నిలుస్తాయి అంది. విన్నారు. విని ఊరుకున్నారు.

అప్పుడేం చేసిందో తెలుసా? తెల్లరంగు తెచ్చుకుని, మోకాళ్ల మీద కూర్చుని, ఇండియోలో రోడ్డు నడుమ నాలుగంగుళాల వెడల్పున తానే గీత గీసేసింది. యాభై ఏళ్ల మనిషి! ఆ రోడ్డే తర్వాత కాలంలో 99వ నంబరు హైవేలో భాగమైంది.

అమెరికాలో జూన్ గురించి ఎవరు చెప్పినా ఈ మోకాళ్ల బొమ్మ దగ్గరే ఆగిపోతారు. నాకైతే ఆ తర్వాతి ఏడేళ్లే ఎక్కువ అనిపిస్తాయి. రంగు వేయడానికి ఒక్క రోజు తెగువ చాలు. ఎండకూ టైర్లకూ అది చెరిగిపోతుంది. రాష్ట్రమంతా గీతలు కావాలంటే సర్కారు ఉత్తర్వు కావాలి. అందుకు జూన్ ఆశ్రయించింది ఇండియో మహిళా క్లబ్బుని.

మహిళా క్లబ్బంటే టీలు, బిస్కెట్లు, చీరల కబుర్లు అనుకునేరు. కాలిఫోర్నియాలో ఆడవాళ్లకు 1911లోనే ఓటు హక్కు వచ్చింది, దేశమంతా రావడానికి 1920 దాకా ఆగాల్సి వచ్చింది. ఓటున్న ఆడవాళ్లు కలిసి రాసిన ఉత్తరాన్ని చెత్తబుట్టలో వేయడం ఏ అధికారికైనా కొంచెం కష్టమే. ఇండియో క్లబ్బు కదిలాక రాష్ట్రంలోని తక్కిన మహిళా క్లబ్బులూ కదిలాయి. తీర్మానాలు, ఉత్తరాలు, మళ్లీ తీర్మానాలు, మళ్లీ ఉత్తరాలు... 1924 నవంబరులో కాలిఫోర్నియా హైవే కమిషన్ సరేనంది. వేల మైళ్ల రోడ్ల నడుమ గీతలు పడ్డాయి. జూన్‌కి అప్పటికి యాభై ఏడు.

ఇంతకీ ప్రపంచంలో మొదటి గీత ఆవిడదేనా? కాదు. మిషిగన్ రాష్ట్రంలో ఎడ్వర్డ్ హైన్స్ అనే రోడ్ల అధికారి 1911లోనే ఒక రోడ్డుకు నడిమి గీత గీయించాడు. పాలబండి నుంచి కారిన పాలచార చూసి ఆయనకా ఆలోచన వచ్చిందంటారు. 1917లోనే ఓరెగాన్‌లో పీటర్ రెక్స్‌ఫర్డ్ అనే పోలీసు ఉద్యోగికి, వాన కురుస్తున్న చీకటి రాత్రి బస్సులో పోతుండగా ఇదే తట్టింది. అక్కడి కౌంటీ కూడా డబ్బివ్వనంటే ఆయన పై అధికారి జేబులోంచి తీసిచ్చాడు! ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే అందరికీ ఒకే అవసరం కనబడిందన్నమాట. రాష్ట్రమంతటి రోడ్లకూ ఉత్తర్వు తెప్పించిన గొప్ప మాత్రం జూన్‌దీ, ఆవిడ వెంట నడిచిన ఆ క్లబ్బు ఆడవాళ్లదీ.

ఆవిడ గీసింది వట్టి తెల్లరంగు. చీకట్లో కాస్త కనబడేది, అంతే. ఇప్పుడు గీతలు మిలమిలా మెరుస్తున్నాయంటే కారణం గాజుపూసలు. ఆవగింజ కంటే సన్నటి పూసల్ని రంగు ఆరకముందే చల్లుతారు. హెడ్‌లైటు వెలుగు పూసలోకి దూరి, అడుగునున్న రంగుకు తగిలి, వచ్చిన దారినే తిరిగి డ్రైవరు కళ్లవైపు పోతుంది. అందుకే మామూలు రంగు వెలుగును చెల్లాచెదురు చేస్తే, ఇది మన కళ్లకే అందిస్తుంది. వాన పడితే పూసల మీద నీటిపొర కప్పుకుని మెరుపు పోతుంది. స్కూటరు నడిపేవాళ్లకు ఇది అనుభవమే... సరిగ్గా గీత కావలసిన రాత్రే గీత మాయం! ఇంగ్లండులో పెర్సీ షా 1934లో పేటెంటు తీసుకున్న ‘పిల్లికళ్లు’ ఈ బాధకే మందు. రోడ్డులో బిగించిన ఆ గాజు బిళ్లల మీంచి టైరు పోయినప్పుడల్లా రబ్బరు వాటిని తుడిచేస్తుంది.

లైటే లేకుండా తమంతట తామే వెలిగే గీతలు కూడా వచ్చాయి. పగటి వెలుగును పీల్చుకుని రాత్రి వదిలే రంగు అది. 2014లో నెదర్లాండ్స్‌లోని ఓస్ దగ్గర అర కిలోమీటరు వేశారు. వానతేమకు వెలుగు తగ్గిపోయింది. మలేసియాలో 2023లో సెమెనియె దగ్గర వేశారు. ఖర్చు మామూలు రంగుకు ఇరవై రెట్ల దాకా అయింది, మరుసటి ఏడే మానుకున్నారు.

మెరుపు ఎంత ఎక్కువైతే అంత భద్రం అనుకోవడానికీ లేదు. ఫిన్లాండులో రోడ్ల పక్కన మెరిసే గుంజలు పాతి చూస్తే, ఇరుకు రోడ్ల మీద రాత్రిపూట వేగాలు పెరిగి ప్రమాదాలు ఎక్కువయ్యాయని 1993లో తేలింది. దారి కనిపిస్తోంది కదా అని పాదం బరువెక్కుతుంది మరి! గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో 16 మీటర్లకు పైగా దూసుకుపోతుంది. గీత మెరిసినంత మాత్రాన దీపం లేని ఎడ్లబండి మెరవదు, రోడ్డు దాటే మనిషి అసలు మెరవడు. మీవారో, అబ్బాయో, మీరో రాత్రి బండి తీసేటప్పుడు ఈ ముక్క గుర్తుంటే మంచిది.

జూన్ మెకారల్ 1954 మార్చి 30న, ఎనభై ఆరేళ్ల వయసులో కన్నుమూసింది. 1971 నుంచి అమెరికాలో ఎదురెదురు బండ్లను విడదీసే గీతకు తెలుపు పోయి పసుపు వచ్చింది. 2002లో ఇండియో దగ్గర పదో నంబరు ఇంటర్‌స్టేట్ హైవేలో కొంత భాగానికి డాక్టర్ జూన్ మెకారల్ పేరు పెట్టారు. ఆ హైవే మీద పోయే దారి వేరు, వచ్చే దారి వేరు. ఎదురుబండి అన్నదే రాదు కాబట్టి ఆవిడ గీసిన నడిమి గీత అక్కడ లేదు!