యల్లాప్రగడ సుబ్బారావు
యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మద్రాసు వైద్య కళాశాలలో చదివే రోజులలో ఖద్దరు ధరించి ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కక ఎల్.ఎం.ఎస్.తో తృప్తిపడవలసి వచ్చింది.

అమెరికాలోని హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలసి పరిశోధించి, కండరాలలో ఎ.టి.పి. అనే పదార్థాన్ని కనుగొన్నట్లు 1929లో ప్రకటించారు. చక్కెర విచ్ఛిన్నమైనప్పుడు వెలువడే శక్తిని మనిషి కణాలకైనా, అతని ప్రేగులలో నివసించే ఏలికపాము కణాలకైనా అందించేది ఈ పదార్థమే. ఇంతటి కృషి చేసినా హార్వర్డ్‌లో ఆయనకు స్థిరమైన పదవి లభించలేదు.

1940లో లెడర్లీ సంస్థలో చేరారు. ఆయన నాయకత్వాన 1947లో హెట్రజాన్ వెలువడింది. రక్తంలోని బోదకాలు పురుగు పిల్లలను ఇది నశింపజేస్తుంది. మరుసటి ఏడాది ఆగస్టులో, 53వ ఏట, సుబ్బారావు కన్నుమూశారు. 2004 నుండి బోదకాలు పీడిత జిల్లాలలో ప్రభుత్వం పంచిన డి.ఇ.సి. మాత్రలు ఆ మందే.